కామారెడ్డిలో నలభై నిమిషాలు

అయినా కూర్చుని చేసే కొలువు ఇస్తామంటే ఆలోచించుకుని చెప్తానన్న మనిషి డిపో మొత్తంలో తనొక్కతే అయి ఉంటుంది, అనుకుంటూ సుజాత కామారెడ్డి స్టేషన్ వంతెన మెట్లు ఎక్కుతోంది, ప్రతి మెట్టు దగ్గరా కుడి మోకాలు కలుక్కుమంటోంది, పాపం దాని తప్పేముంది, పదిహేనేళ్లుగా బాన్సువాడ బస్సుల్లో నిలబడి టికెట్లు కొట్టిన కండక్టరును మోసిన మోకాలు అది, డాక్టరమ్మ ఎక్స్‌రేని వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూసి నిలబడే పని ఇక తగ్గించుకోవాలమ్మా అని రాసిచ్చింది, ఆ కాగితం చూసి డిపో మేనేజరు సారు బాన్సువాడ బస్టాండులోనే ఎంక్వైరీ గదిలో కుర్చీ ఖాళీ అవుతోంది, ఏ బస్సు ఎక్కడికో మైకులో చెప్పడమే పని, ఇవాళ డ్యూటీ దిగేటప్పుడు అవునో కాదో చెప్పమ్మా, కాదంటే ఇంకొకరు ఎదురుచూస్తున్నారు అన్నాడు, మర్యాదగానే అన్నాడు, దానికి ఎగిరి గంతేయాల్సింది పోయి తను రెండు రోజులుగా నీళ్లు నములుతోంది, ఇంట్లో వెస్లీ, మోటార్లు బాగుచేసుకుంటూ బతికే మెత్తని మనిషి, పెళ్లయిన ఇరవై ఏళ్లలో ఫలానాది చెయ్యి అని గట్టిగా అనని మొగుడు, నిన్న అన్నం దగ్గర ఇగ సోంచాయించుడు దేనికి సుజాతా, సరే అనరాదు అన్నాడు, మైకుల మాట్లాడాల్నంటే నాకు సిగ్గయితదయ్యా అంది తను, ఆయన ముద్ద నోటిదాకా తెచ్చి ఆపి నవ్వాడు, పదిహేనేండ్ల సంది బస్సుల గొంతు చింపుకుంటున్నవ్, గప్పుడు లేని సిగ్గు గిప్పుడెక్కడికెల్లి వచ్చింది అని, అమ్మ లస్మవ్వ సంగతి చెప్పనే అక్కర్లేదు, ఫోనులో ఏడ్చినంత పని చేసింది, వంగి నాట్లేసుడే నా బతుకయింది, నా బిడ్డ కుర్చీల కూసోవాలెనని నేను ప్రార్థన చెయ్యని దినం లేదు, ఇయ్యాల కుర్చి వస్తే వద్దంటవా, వద్దనలేదమ్మా, ఆ అర్రల గాలాడదంట అని అమ్మకు ఇంకో సాకు, మొగుడికి ఒకటి తల్లికి ఒకటి, అసలు సంగతి మాత్రం ఎవరికి చెప్పగలదు, బాన్సువాడలో రైలు లేదని, కామారెడ్డి ట్రిప్పు పోతే మళ్లీ బస్సు బయల్దేరేదాకా దొరికే ఈ నలభై నిమిషాలు పోతాయని, పాసింజరు బండిని చూడటం పోతుందని, నలభై నాలుగేళ్ల ఆడది ఏ మొహం పెట్టుకుని చెప్తుంది.

వంతెన మీదికి రాగానే గాలి తగిలింది, అంతే, మోకాలు గొడవ మానేసింది, ఎడమ చేతిలో సంచి బరువు మాత్రం నేనున్నానంటోంది, సంచి తనది కాదు, ఇందాక బస్సులో వచ్చిన పోసవ్వ అనే ముసలమ్మది, పెద్ద కొడప్‌గల్ నుంచి బాన్సువాడకు వచ్చి అక్కడ తన బస్సెక్కింది, ముందు సీట్లో కూర్చుని టికెట్ చేతిలో పెట్టేలోపే ఇంటి సంగతులన్నీ చెప్పేసింది, మనవరాలు పల్లవి బొల్లారంల ఉంటది, మొన్ననే ఆడపిల్లను కన్నది, కొడుకు పండరి కార్ల దించి వస్త అన్నడు గని కార్ల కూసుంటే నాకు కక్కొస్తది బిడ్డా, రైలైతేనే పడ్తది, అందుకే కామారెడ్డిల పాసింజరు ఎక్కుత, అని, తీరా దిగేటప్పుడు చేతికర్ర, నీళ్ల సీసా, చిన్న మూట అన్నీ భద్రంగా పట్టుకుని ముఖ్యమైన సంచిని సీటు కింద మరిచిపోయింది, లోపల పాత నూలు చీరలు చింపి, ఉతికి, మడతపెట్టిన మెత్తని గుడ్డలు, బాలింతకు పెట్టే కాయం సీసా, మూత సందులోంచి వచ్చిన ఆ ఘాటుకు తన కూతురు వర్ష పుట్టినప్పటి రోజులు గుప్పుమన్నాయి, ఇప్పుడా వర్ష నిజామాబాదు హాస్టల్లో డిగ్రీ చదువుతోంది, ఎంత తొందరగా, నేను స్టేషన్ దిక్కే పోతున్న తమ్మీ, ఇచ్చొస్త అని డ్రైవర్ మోతీలాల్‌కు చెప్పి బయల్దేరింది, రోజూ అటు దిక్కు దేనికి పోతవక్కా అన్న ప్రశ్న మోతీలాల్ కళ్లలోకి వచ్చి టీ గ్లాసులోకి దిగిపోయింది, మూడేళ్లుగా ఒకే బస్సు మీద ఉన్నా అతను అడగడు, మంచివాడు, వంతెన మీది నుంచైతే ప్లాట్‌ఫాం అంతా కనబడుతుంది, ముసలమ్మ ఏ మూలనున్నా దొరుకుతుంది, అందుకే ఎక్కాను అని తనకు తనే చెప్పుకుంది సుజాత, అదీ సాకే, సంచి లేకపోయినా ఎక్కేది.

కింద పట్టాలు ఎండకు తళతళమంటున్నాయి, నిజాం కాలంలో వేసిన లైను ఇది, నూట ఇరవై ఏళ్లు దాటిందట, అప్పుడు సన్న పట్టాలు, బొగ్గింజన్లు, అవి అమ్మ చూసింది, తను ఈ రూటుకు వచ్చిన కొత్తలో డీజిలింజన్లుండేవి, వంతెన కిందికి వచ్చేసరికి నల్లటి పొగ, పాదాల కింద ఇనుప పలకలు జుమ్మనేవి, తరువాత పట్టాల పక్కన స్తంభాలు లేచాయి, తీగలు లాగారు, వంతెనకు రెండు పక్కలా జాలీ కట్టి ఇరవై ఐదు వేల వోల్టులు అని ఎర్ర అక్షరాల బోర్డు పెట్టారు, అంత పాత లైనుకు కొత్తగా నగలు పెట్టినట్టనిపించింది, ఆ తరువాత ఒకరోజు పొగలేని ఇంజను వచ్చింది, నెత్తి మీది ఇనుప చేయి మడత విప్పుకుని పైతీగను తాకుతూ, మొదటిసారి చూసినప్పుడు ఇంజను ఆగిపోయిందేమో, వెనక నుంచి ఇంకేదో నెడుతోందేమో అనుకుంది, పడుకున్న పిల్ల లేస్తుందని మెల్లగా నడిచే తల్లిలా వచ్చింది అది, ఎక్స్‌ప్రెస్‌ల మీద తనకంత ప్రేమ లేదు, వాటి అద్దాలు మూసి ఉంటాయి, లోపలి మనుషులు అప్పుడే హైదరాబాదులో ఉన్నట్టు మొహాలు పెట్టుకుంటారు, పాసింజరు అలా కాదు, ఇల్లు ఇల్లంతా పట్టాల మీదికి వచ్చినట్టుంటుంది, ఒకావిడ పిల్లకు జడలు వేస్తుంటుంది, ఇద్దరు పెద్దమనుషులు ఒకే పేపరును చెరో కొస పట్టుకుని చదువుతుంటారు, ఒకాయన పల్లీలు ఒలిచి పొట్టును దోసిట్లో దాచుకుని ఎక్కడ పారేయాలా అని చూస్తుంటాడు, ఇంతమందిలో ఒక్కరు కూడా తనను ఏమీ అడగరు, అమ్మా నా స్టాపొచ్చిందా అని, అమ్మా ఆధార్ కార్డు ఇంట్ల మర్చిపోయిన, గీ ఒక్కసారికి ఫ్రీ టికెట్ ఇయ్యి అని, ఎవరూ అడగని ఆ రెండు నిమిషాలు ఒంట్లోకి చల్లగా దిగుతాయి, ఇంత చూస్తుంది కదా, ఒక్కసారైనా ఎక్కిందా అంటే లేదు, చిన్నప్పుడు ఊరికి రైలే లేదు, కొలువొచ్చాక డిపో పాసు ఉండగా రైలుకు ఎవరు పోతారు, పెళ్లికైనా చావుకైనా బస్సే, అట్లా నలభై నాలుగేళ్లు గడిచాయి.

అదిగో, ముందు పైతీగ సన్నగా వణికింది, తరువాత నిజామాబాదు వైపు నుంచి పాసింజరు మొహం కనబడింది, సరిగ్గా అప్పుడే ప్లాట్‌ఫాం కొసన పోసవ్వ చేతికర్ర కూడా, బండి ఆగగానే ఎవరో చెయ్యందించి ఆమెను వెనక నుంచి రెండో పెట్టెలోకి ఎక్కించారు, అవ్వా అని అరిచింది సుజాత, బస్సులో వెనక సీటుదాకా కొట్టే గొంతు ఇక్కడ జాలీ కూడా దాటలేదు, ఇక పరుగే, మెట్లు, మోకాలు, మెడలో టికెట్ల మిషను ఎగిరెగిరి పొట్టకు తగులుతోంది, రెండు నిమిషాలే ఆగుతుంది, ఆ సంగతి తనకంటే ఎవరికి బాగా తెలుసు, కిటికీలోంచి ఇద్దామంటే చువ్వల సందున సంచి దూరదు, ఎక్కి ఇచ్చి దిగితే సరి అని కడ్డీ పట్టుకుని ఎక్కేసింది, అవ్వా, నీ సంచి, పోసవ్వ ముందు తన మొహం చూసింది, తరువాత సంచి చూసింది, అయ్యో నా తల్లీ, నా పల్లవి గుడ్డలు, అని రెండు చేతులూ పట్టేసుకుంది, పట్టుకుని వదలదు, ఎంత ఉరికొచ్చినవే, జర కూసో, నీళ్లు తాగు, లేదవ్వా దిగాలె, ఏమయితది ఒక్క గుక్క, ముసలమ్మ మాట తీసేయలేక ఒక్క గుక్క తాగి సీసా తిరిగిచ్చి చూస్తే కిటికీ బయట స్టేషన్ పేరు రాసిన పసుపు పలక పక్కకు జరుగుతోంది, పలక ఎందుకు జరుగుతోంది అనుకుంది ఒక్క క్షణం, కుదుపు లేదు, ఊపు లేదు, డీజిలింజనైతే ఒక గుంజు గుంజి చెప్పేది, ఇది ఎవరికీ చెప్పకుండా కదిలిపోయింది, తలుపు దగ్గరికి పోయేసరికి ప్లాట్‌ఫాం అయిపోయి కంకర మొదలైంది, వద్దు బిడ్డా, దుంకకు, అని వెనక నుంచి పోసవ్వ కేక.

బస్సు, ట్రిప్పు, బస్టాండులో టైము రాసుకునే కంట్రోలరు, డిపోలో సంజాయిషీ, పదిహేనేళ్లలో ఒక్క లేటు లేదు, అదీ ఈ రోజే, ఫోను తీసి మోతీలాల్‌కు చేసింది, తమ్మీ, నేను రైల్ల ఉన్న, ఏంది, రైల్లయ్యా, ఏ రైల్లక్కా, కాచిగూడ పోయే దాంట్ల, అటు నుంచి గొంతు బాగా తగ్గించి, అక్కా, ఇంట్ల ఏమన్న లొల్లి అయిందా, అన్నాడు మోతీలాల్, పక్కనున్న వాళ్లకు కూడా వినబడింది, ముందు పోసవ్వ నవ్వింది, తరువాత ఎదురు సీటామె, తరువాత ఆపుకోలేక సుజాతే నవ్వింది, లొల్లి లేదు ఏం లేదు, సంచి ఇయ్యబోయి దీంట్ల ఇరుక్కున్న, తలమడ్లల దిగి ఎట్లన్న వస్త, జర నిలబెట్టు బస్సు, నువ్వు ఫికర్ చెయ్యకు అక్కా, ఎవలన్న అడిగితే టైరు చూస్తున్న అంట, వద్దు తమ్మీ, ఉన్నదే చెప్పు, ఎదురు సీటామె తన కండక్టరు కోటునూ మెడలో మిషన్నూ ఎగాదిగా చూసి, మీరు టికెట్ తీసుకున్నరా మేడం, అంది, అప్పుడు వెలిగింది సుజాతకు, మెడలో టికెట్ల మిషను వేసుకుని టికెట్ లేకుండా ప్రయాణం, తనెన్నిసార్లు జనాన్ని నిలదీసిందో అన్నిసార్లూ ఒక్కసారే గుర్తొచ్చాయి, మళ్లీ పెట్టెంతా నవ్వు, కిటికీ కాడ కూసో, నేను జరుగుత, అని పోసవ్వ మూట ఒళ్లో పెట్టుకుని జరిగింది, వద్దవ్వా, నిలబడే అలవాటే, అంటే అలవాటు సంగతి అవతల పెట్టు, మోకాలు పట్టుకుంటున్నవ్, నేను చూస్తలేనా, అని చెయ్యి పట్టి లాగి కూర్చోబెట్టింది.

కూర్చుంది, అంతే, ఇంత చిన్న సంగతి, ఒక బండి కదులుతోంది, తను కూర్చుని ఉంది, బెల్లు కొట్టాల్సిన పని లేదు, తలుపు చూడాల్సిన పని లేదు, గాలి తిన్నగా మొహానికి కొట్టి పాపిట చెరిపేసింది, స్తంభాలు ఒకటి వెంట ఒకటి వెనక్కి పోతున్నాయి, వాటి మధ్య తీగ కొంచెం దిగుతోంది, మళ్లీ లేస్తోంది, దిగుతోంది, లేస్తోంది, పైనుంచి చూస్తే ఎన్నడూ తెలియలేదు తీగ ఇలా ఊపిరి తీస్తుందని, ఒక గేటు దగ్గర ఆగిన ట్రాక్టరు మీది వాళ్లు చెయ్యూపారు, తనూ ఊపింది, ఎవరికో ఏమిటో తెలియకుండానే, నువ్వెవరి బిడ్డవే అని పోసవ్వ అడుగుతోంది, లస్మవ్వ బిడ్డనవ్వా, కొడప్‌గల్ పక్క ఊరే మాది, అమ్మ కూలికి పోయేది, ఏ లస్మవ్వ, మెడ మీద పుట్టుమచ్చ లస్మవ్వేనా, మా మళ్లల్ల నాట్లేసింది గదనే, ఆమె పాటెత్తుకుంటే కైకిలోళ్ల పనంత జల్ది నడిచేది, నీ గొంతు గదే, ఇందాక బస్సులనే అనుకున్న, అంది, సుజాతకు ఒక్క క్షణం లేచి నిలబడాలనిపించింది, వాళ్ల మళ్లలో వంగి పనిచేసిన అమ్మ, అట్లాంటి వాళ్ల వాకిట్లో గోడ పక్కన చెప్పులు విడిచి నిలబడ్డ తన చిన్నతనం, కానీ ముసలమ్మ మోచెయ్యి తన మోచేతికి ఆని వెచ్చగా ఉంది, ఆమె వెనక్కి తీసుకోవడం లేదు, తనూ లేవలేదు, పోసవ్వ కిటికీ వైపు వంగి మెల్లగా, నీకొక మాట చెప్త, ఎవ్వలకు చెప్పకు, నాకు కార్ల కక్కు రాదు ఏం రాదు, అంది, మరి, మరేముంది, కార్ల పోతే కొడుకు అద్దాలు మూస్తడు, ఏసీ పెడ్తడు, ఇగ ఫోన్ల మాట్లాడుకుంట తోల్తడు, నాకేమో గీ కిటికీ కావాలె, గీ జనం కావాలె, పదేండ్ల సంది కక్కొస్తది కక్కొస్తది అని చెప్పి రైలెక్కుతున్న, కోడలైతే ప్రతిసారి నిమ్మకాయ చేతుల పెడ్తది పాపం, ఉన్నదున్నట్టు చెప్పరాదా అవ్వా, కిటికీ అంటే ఇష్టమని, అంది సుజాత, ముసలమ్మ బోసినోటితో నవ్వింది, గింత ముసల్దానికి కిటికీ సోకా అంటరు బిడ్డా, కక్కు అంటే ఎవ్వలు ఎదురు మాట్లాడరు, అంది, నవ్వుతూనే అంది గానీ చివర్లో ఆ నవ్వు కొంచెం అలసిపోయింది, సుజాత అది చూసింది.

తలమడ్లలో బండి ఆగింది, ఎంతకీ కదలదు, ఇది ఒంటి లైను, ఎదురు బండి వచ్చి దాటాలె అని ఎవరో చెప్పారు, ఎదురు బండంటే నిజామాబాదు పోయేది, అంటే కామారెడ్డి పోయేది, అంటే దేవుడున్నాడు, పోసవ్వ తన తలమీద చెయ్యి పెట్టి, మీ అమ్మకు చెప్పు పోసవ్వ అడిగిందని, అంది, చెప్తనవ్వా, పల్లవి బిడ్డను నా తరుపున ముద్దువెట్టుకో, అని సుజాత దిగి స్టేషన్ గదిలోకి పోయి కామారెడ్డికి ఒక టికెట్టు అడిగింది, కామారెడ్డి నుంచి ఇక్కడికి వచ్చినదానిక్కూడా ఒకటి ఇయ్యండి సారూ అంది, అద్దం వెనకాయన తలెత్తి కోటు చూసి, మిషను చూసి, వచ్చినదానికి ఎవరన్న తీస్కుంటరా అమ్మా అని నవ్వి ఒక్కటే ఇచ్చాడు, తన జీవితంలో మొదటి రైలు టికెట్, ఇన్ని లక్షల టికెట్లు చింపి ఇచ్చిన చేతికి ఒకరు టికెట్ ఇవ్వడం, వేళ్లు ఎట్లా పట్టుకోవాలో తెలియనట్టు పట్టుకున్నాయి, ఎదురు పాసింజరు వచ్చి పక్క లైనులో ఆగింది, ఎక్కి కిటికీ దగ్గర కూర్చుంటే రెండు బళ్ల మధ్య మూడు నాలుగు గజాల ఎడం, అవతలి కిటికీలో పోసవ్వ, ఏదో చెబుతోంది, వినబడలేదు, చేత్తో కళ్లు చూపించి, బయట చూపించి, చూడు చూడు అంటున్నట్టుంది, చూస్తున్ననవ్వా అంది సుజాత, అదీ ఆమెకు వినబడి ఉండదు, రెండు బళ్లూ ఒక్కసారే చప్పుడు లేకుండా కదిలేసరికి ఎవరు ముందు కదిలారో తేలలేదు, కామారెడ్డి దగ్గర పడుతుంటే వంతెన కనిపించింది, పట్టాల మీది నుంచి ఎప్పుడూ చూడలేదు దాన్ని, జాలీ పట్టుకుని ముగ్గురు నలుగురు నిలబడి ఉన్నారు, ఒక ఆటో డ్రైవరు, చంకలో పిల్లతో ఒక బురఖా ఆవిడ, గడ్డం నెరిసిన ఒకాయన, ఎవరి చేతిలోనూ సంచి లేదు, ఎవరూ ఎక్కే వాళ్లలా లేరు, దిగే వాళ్లలా లేరు, ఊరికే నిలబడి బండిని చూస్తున్నారు, రోజూ తన పక్కనే నిలబడేవాళ్లేనేమో, ఇన్నేళ్లూ కిందికి చూడటమే తప్ప పక్కకు చూడలేదు తను, పిల్ల చెయ్యూపింది, సుజాత కిటికీలోంచి చెయ్యి మొత్తం బయటపెట్టి ఊపింది.

బస్సు పన్నెండు నిమిషాలు లేటు, కంట్రోలరు రాసుకున్నాడు, రాసుకోనీ, ఉన్నదున్నట్టు చెప్తుంది, మోతీలాల్ ప్రయాణికులకు ముందే అంతా చెప్పేసినట్టున్నాడు, ఎక్కగానే ఆడవాళ్లంతా ఒక్కసారే, వచ్చింది రైలమ్మ, పట్నం పోయొచ్చినవా, మాకేం తెచ్చినవ్, ఒకామెకైతే అసలు కోపమే, నా పిల్ల బడి నుంచి వచ్చే టైమైతుంది అని, తప్పయింది చెల్లె, ముసలామె సంచి ఇయ్యబోయి గిట్లయింది అంటే ఆమె మొహం కూడా మెత్తబడింది, ఇచ్చినవా మరి, ఇచ్చిన, మంచిపని, టికెట్లన్నీ కొట్టేసరికి ఊరు దాటింది, మోకాలు మళ్లీ మొదలుపెట్టింది, ఇంకో ఏడాది ఇట్లాగే నిలబడితే వంతెన మెట్లు కూడా ఎక్కలేకపోతుంది తను, ఆ ఆలోచన ఇంతకుముందు ఎందుకు రాలేదు, వచ్చే ఉంటుంది, రానివ్వలేదు, ఈ ట్రిప్పు ఉంటేనే ఆ రైలు తనది అనుకుంది, డ్యూటీలో దొరికిన నలభై నిమిషాలైతే ఎవరూ అడగరు, ఎందుకు పోయావని, ముసలమ్మకు కక్కు ఎట్లాగో తనకు డ్యూటీ అట్లా, మళ్లూ కారూ అన్నీ ఉన్న పోసవ్వ కూడా కిటికీ కావాలని నోరు విడిచి అడగలేక ఒంటికి లేని రోగం పెట్టుకుంది, పదేళ్లు, తను ఎన్నేళ్లు పెట్టుకుంటుంది, బయట కాలువ నీళ్లు పారిన మళ్లు పచ్చగా పరుచుకుని వస్తున్నాయి, మోతీలాల్ పైన అద్దంలోంచి చూసి, మరి సారుకు ఏం చెప్తవక్కా అన్నాడు, సరే అని చెప్త తమ్మీ, కుర్చీల కూసుంట, మంచిగనే అక్కా, ఇగ నీకు కామారెడ్డి మొహం చూసే పనే ఉండదు, పని ఉండదు, గని వస్త, సెలవు దొరికినప్పుడల్ల వస్త, దేనికి, అలవాటుగా నాలుక చివరికి సాకులు వరస కట్టాయి, దవాఖాన, బట్టలు, చుట్టాల పెండ్లి, అన్నీ అక్కడే నిలబడ్డాయి, పాసింజరు చూడనీకి, అంది సుజాత, రైలా, రైలే, ఎక్కి ఎటన్న పోతవా, ఒక్కోసారి ఎక్కుత, ఒక్కోసారి ఊకెనే వంతెన మీద నిలబడి చూసి మళ్లొస్త, గంతేనా, గంతే, నాకిష్టం, మోతీలాల్ నవ్వుతాడనుకుంది, అతను గేరు మార్చి, మా మంగ్యా బావకు గూడ గట్లనే, చెరువు కాడ కూసుంటడు, చేపలు పట్టడు ఏం పట్టడు అని తల ఊపాడు, అంతే, ఆకాశం ఊడిపడలేదు, ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు, ఈ సాయంత్రం వెస్లీకీ ఈ మాటే చెప్తుంది, అమ్మకూ చెప్తుంది, నాకిష్టం అన్న మాట నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చింది, పక్కన ఇంకే మాటా తోడు లేకుండా, ఇన్నేళ్లు దాన్ని బయటికి పంపాలంటే ఏదో ఒక పని చేతికిచ్చి పంపాలనుకుంది, అది ఒంటరిగా నడవగలదు.